కుడిచేతి వాటా

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులు రెండు రకాలు. కళ్ళెర్రజేసి, బల్ల గుద్ది మూడే అనేవాళ్ళు ఒక రకం. వాళ్ళతో పేచీ లేదు, మనమూ ఓ గుద్దు గుద్దొచ్చు. రెండో రకం వాళ్ళు నవ్వుతూ, మన మీద ప్రేమతో, మన కోసం నిద్ర మానుకుని మరీ మూడే అంటారు. వాళ్ళని ఏం చెయ్యాలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. రైలక్క మొగుడు ఈ రెండో రకం మనిషి.

రైలక్క అన్నది ఆఫీసు వాళ్ళు పెట్టిన పేరు. ఆవిడది సబ్‌టైటిళ్ళు కొట్టే ఉద్యోగం. తెర మీద మనుషులు మాట్లాడుతుంటే కింద అక్షరాలు పడతాయి చూడండి, అవి వాటంతట అవే పడవు. ఎవరో ఒకరు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వీడియో ఆపి, కాస్త వెనక్కి జరిపి, మళ్ళీ విని, కొట్టి, ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గుర్తులు పెడతారు. ఆపడానికి ఒక కీ, వెనక్కి పోవడానికి ఒక కీ, గుర్తు పెట్టడానికి రెండు కీలు. నిమిషం వీడియోకి ఈ నాలుగూ ఎన్నిసార్లు నొక్కాలో లెక్క పెట్టేవాడు పిచ్చివాడైపోతాడు. ఆవిడ కూర్చుని మొదలుపెట్టిందంటే గదిలో రైలు వంతెన ఎక్కినట్టు ఉండేది. అందుకే రైలక్క.

ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. కంప్యూటర్ ఆఫీసుది, కీబోర్డు మాత్రం ఎవరిది వాళ్ళదే. ఒక్కొక్కరూ తమ వేళ్ళకి అలవాటైన దాన్ని ఇంటి నుంచి తెచ్చుకుంటారు, సాయంత్రం సంచిలో పెట్టుకుని పట్టుకుపోతారు. పక్కవాళ్ళ కీబోర్డు వాడటమంటే పక్కవాళ్ళ దువ్వెనతో తల దువ్వుకున్నట్టే లెక్క. అడిగేవాళ్ళూ లేరు, ఇచ్చేవాళ్ళూ లేరు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం స్కూటరు జారింది. నడుపుతున్నది మొగుడు, వెనక కూర్చున్నది ఆవిడ. ఆయనకి మోచెయ్యి గీసుకుపోయింది. ఆవిడ మాత్రం కుడి భుజం మీద పడింది. మెడ దగ్గర నుంచి చేతికి దిగే నరాలు వేర్లతో సహా ఊడొచ్చాయన్నారు, మొక్కని పీకినట్టు. ఆపరేషన్ చేశారు. నెలలు నెలలు వ్యాయామాలు చేయించారు. చివరికి నరాల డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి, భుజం కొంచెం కదులుతుంది, మోచేతి కింద మాత్రం కదలికా స్పర్శా ఇక రావు, ఆశ పెట్టుకోవద్దు, ఎడమ చేతితో బతకడం నేర్చుకోవడమే మంచిది అని నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. ఆవిడ విన్నది. ఆయనేమో డాక్టరుకి దండం పెట్టి, బయటికి రాగానే, వీళ్ళిలాగే అంటారులే, మనం ప్రయత్నం మానకూడదు అన్నాడు.

ఆవిడ ఏడ్చింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకనాడు కుళాయి కట్టేసి బయటికొచ్చి, నా ఎడమ చెయ్యి ఉంది కదా అనుకుంది. చూడటానికి ఇంతే మాట. అనుకోవడానికి ఎంత పట్టిందో ఆవిడకే తెలుసు.

ఆఫీసులో వాళ్ళ పై ఆయన్ని స్టాప్‌వాచ్ అంటారు, మెడలో ఎప్పుడూ అదొకటి వేలాడుతుంటుంది కాబట్టి. మనిషి చెడ్డవాడు కాదు. ఇన్నాళ్ళూ ఆవిడ కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా ఆపాడు. ఇక పైవాళ్ళు ఊరుకోవడం లేదమ్మా, రెండు మూడు నెలల్లో ఒకరోజు రండి, అందరికీ పెట్టే పరీక్షే మీకూ పెడతాను, అందరికీ ఇచ్చే టైమే ఇస్తాను, అందులో చెయ్యగలిగితే కుర్చీ మీదే, లేకపోతే నా చేతుల్లో ఉండదు అని ఫోన్లో చెప్పాడు. ఆ కుర్చీ ఆవిడకి జీతం ఒక్కటే కాదు. ఇంట్లో ఆవిడని అందరూ 'పాపం' అనే కళ్ళతో చూస్తున్నారు. మళ్ళీ రైలక్క అనిపించుకోవాలంటే ఆవిడకి ఆ కుర్చీ ఒక్కటే దారి.

ఇక ఆయన సంగతి. ఆయనకి కళ్ళద్దాల షాపుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియని వాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా అది బాగుందా, మొదటిదా రెండోదా అని అడగడమే ఆయన పని. ఎంత ఓపికో. ముసలాళ్ళు పదిసార్లు మాట మార్చినా విసుక్కోడు. నా కళ్ళకి కాదండీ, మీ కళ్ళకి నచ్చాలి అంటాడు. షాపులో ఆయనంత మంచివాడు లేడు.

పరీక్ష సంగతి తెలిసిన రోజు నుంచి ఆయన కీబోర్డుల మీద పడ్డాడు. అంతకుముందు వాటి గురించి ఆయనకి ఓనమాలు తెలియవు. నెల తిరిగేసరికి పండితుడైపోయాడు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళ గుంపొకటి ఫోన్లో ఉంటుందట, అందులో చేరాడు. కీ నొక్కితే టిక్కుమనే రకం, టిక్కుమనకుండా వేలికి చిన్న మెట్టు తగిలే రకం, నూనె రాసినట్టు జారిపోయే రకం అంటూ ఒక చెక్కకి బిగించిన నమూనాలు తెప్పించి, అన్నాల దగ్గర కూడా నొక్కుతూ కూర్చునేవాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

అలాగని ఆయన ఎంపికంతా తప్పని కాదు. చివరికి ఆయన తేల్చింది ఒక పొట్టి కీబోర్డు. మధ్యలో, మూడు కీలు కలిసే చోట, పెన్సిల్ చివర రబ్బరంత బుడిపె ఒకటుంటుంది. దాన్ని వేలికొసతో ఎటు నెడితే తెర మీద బాణం అటు పోతుంది. నొక్కడానికి బటన్లు కింద బొటనవేలి దగ్గరే ఉంటాయి. మౌస్ కోసం చెయ్యి ఎత్తక్కర్లేదు. ఉన్న ఒక్క చెయ్యీ కీబోర్డుకీ మౌస్‌కీ మధ్య పరుగులు పెట్టక్కర్లేదు. ఈ మాట విన్నప్పుడు ఆవిడకి నిజంగా సంతోషమేసింది. ఎంత బాగా ఆలోచించారండీ అంది. ఇదే బుడిపె ఉన్నది కొంచెం పెద్దది చూడండి, పైన వరసలో ఎఫ్1, ఎఫ్2 అని రాసుండే ఎఫ్ కీలు విడిగా ఉండాలి, బాణం కీలు కూడా ఉండాలి, నా పని అంతా వాటితోనే అని కూడా చెప్పింది.

ఆయన పొట్టిదే కొన్నాడు. పెద్దవి అందంగా ఉండవట, గుంపులో వాళ్ళు కూడా అదే అన్నారట. పొట్టిదాంట్లో ఎఫ్ కీలు లేవు, బాణాలు లేవు. అవి కావాలంటే కుడివైపు అడుగు మూలనున్న ఒక కీని నొక్కిపట్టి, ఆపైన ఎడమవైపు అంకెల్లోనో అక్షరాల్లోనో ఒకటి నొక్కాలి. అంటే వీడియో ఆపాలన్నా, వెనక్కి జరపాలన్నా, గుర్తు పెట్టాలన్నా, ఒక చెయ్యి ఆ మూల, ఇంకో చెయ్యి ఈ మూల ఉండాలి.

పెట్టె విప్పిన రోజు ఆవిడ దాన్ని ఎడమ చేత్తో తడిమి, ఆ కీ దగ్గర ఆగిపోయింది.

"ఈ కీ ఎడమ పక్కకి మార్చడం కుదురుతుందా?" అంది.

"ఎందుకు కుదరదు? దీంట్లో ఏ కీ అయినా ఎక్కడికైనా మార్చొచ్చు. నొక్కి వదిలేసినా సరిపోయేట్టు కూడా పెట్టొచ్చు. అదే కదా దీని గొప్ప."

"అయితే అలా పెట్టండి."

ఆయన నవ్వాడు. చిన్నపిల్లకి లెక్క చెప్పే మాస్టారులా నవ్వాడు. "అన్నీ ఎడమ చేతికే ఇచ్చేస్తే ఇక కుడి చెయ్యి ఎందుకు లేస్తుంది? దానికీ ఓ వాటా ఉండాలి. అందుకే ఆ ఒక్క కీ దానికి వదిలేశా. రోజూ నొక్కుతూ ఉంటే అదే అలవాటు పడుతుంది, చూస్తూ ఉండు."

ఆ చెయ్యి ఇక లేవదండీ అన్న మాట ఆవిడకి నోటి దాకా వచ్చింది. కానీ ఆయన కళ్ళలో ఆ వెలుగు చూసి మింగేసింది. మొగుడి ఆశ మీద నీళ్ళు చల్లడానికి మనసు రాలేదు. మన ఆడవాళ్ళకి ఇదొక రోగం. తమ చెయ్యి పోయినా, ఎదుటివాడి మొహం వాడిపోకుండా చూసుకుంటారు.

ఇక సాయంత్రాలు ఆయన షాపు కట్టేసి వచ్చి, ఆవిడ పక్కన స్టూలు వేసుకుని, కుడి చేతిని ఎత్తి ఆ మూల కీ మీద పెట్టేవాడు. అది జారిపోయేది. మళ్ళీ పెట్టేవాడు. ఏ గాలికో, ఏ బరువుకో ఒకసారి కీ కిందికి దిగితే, చూశావా చూశావా, నిన్నటి కంటే నయం అనేవాడు. ఆవిడ తలూపేది. గుంపులోనూ, తన ఫోన్ స్టేటస్‌లోనూ ఫోటోలు పెట్టాడు. మా ఆవిడ కోసం నేనే ఎంచాను, నేనే సర్దాను అని రాశాడు. ఎవరెవరో చప్పట్ల బొమ్మలు పంపారు.

పగలు ఆయన షాపుకి వెళ్ళగానే ఆవిడ పొట్టిదాన్ని పక్కన పెట్టి, అటక మీద నుంచి పక్కింటావిడ చేత దింపించుకున్న తన పాత కీబోర్డు ముందు వేసుకునేది. మూరెడు మొద్దు సరుకు. కొన్ని కీల మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి. ఎఫ్ కీలు విడిగా ఉన్నాయి, బాణాలు విడిగా ఉన్నాయి. ఎడమ చేత్తో మొదట నత్తనడకే. మణికట్టు వాచింది. వేడినీళ్ళలో పెట్టుకుని మళ్ళీ కొట్టింది. కీబోర్డుని కొంచెం ఏటవాలుగా తిప్పితే చూపుడువేలు దూరం పోనక్కర్లేదని ఒకరోజు కనిపెట్టింది. మాట వింటూ వింటూనే గుర్తు పెట్టేస్తే మళ్ళీ వెనక్కి పోయే పని తగ్గుతుందని ఇంకోరోజు పట్టింది. అలా అలా నెమ్మదిగా చప్పుడు పెరిగింది. ఎక్స్‌ప్రెస్ కాదు, ప్యాసింజరే. అయినా పట్టాలెక్కింది. చివరి వారంలో ఒక వీడియో ఆఫీసు ఇచ్చే టైములోపే, బొటాబొటిగా, పూర్తయింది. ఆవిడ ఒక్కతే గదిలో కూర్చుని నవ్వింది. దెబ్బ తగిలాక ఎవరి కోసమో కాకుండా, తన కోసం నవ్వడం అదే మొదటిసారి.

ఆయనకి చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక చెబుదాం, వచ్చిన తర్వాత ఎలా వచ్చిందని ఎవరు అలుగుతారు అనుకుంది.

పరీక్ష రోజు పొద్దున పాత కీబోర్డుని తువ్వాలులో చుట్టి, సంచిలో అడుగున పెట్టి, పైన గొడుగు పెట్టింది. స్నానానికి వెళ్ళొచ్చింది. ఆయన షాపు మూసేసి మరీ తోడొచ్చాడు. బస్సులో సంచి ఆయనే మోశాడు. ఆఫీసు మెట్ల దగ్గర సంచి ఆవిడ ఎడమ భుజానికి తగిలించి, నేనిక్కడే ఉంటాను, ధైర్యంగా వెళ్ళు అన్నాడు.

లోపల అందరూ లేచి నిలబడ్డారు. పక్క సీటావిడ కౌగిలించుకుంది. కుర్చీ తుడిచి పెట్టారు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి తువ్వాలు లాగింది. తేలిగ్గా వచ్చింది. విప్పితే పొట్టిది ఉంది.

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. స్నానానికి వెళ్ళినప్పుడు మార్చాడు.

ఈలోగా చుట్టూ చేరారు. ఈ బుడిపె ఏంటక్కా, నొక్కి చూడనా, అబ్బ ఎంత మెత్తగా ఉందో అని తలా ఒక కీ నొక్కారు. మీ ఆయనే ఎంచారట కదా, ఫోటోలు చూశాం అన్నారెవరో. పక్క సీటావిడ కళ్ళు తుడుచుకుంటూ, "పెట్టి పుట్టావమ్మా. మా ఆయనకి నేను ఏ సీట్లో కూర్చుంటానో కూడా తెలియదు" అంది.

స్టాప్‌వాచ్ దగ్గరికొచ్చి కీబోర్డు వంక చూశాడు. ఆయనకి పని తెలుసు కాబట్టి ఎఫ్ కీలు లేవని వెంటనే కనిపెట్టాడు. "మీ పాతది తేలేదేం? దీని మీద అలవాటేనా?" అన్నాడు.

అదీ సమయం. లేదు సార్, పొరపాటైంది, రేపు రమ్మంటే పాతది పట్టుకొస్తాను అంటే సరిపోయేది. ఆయన రమ్మనేవాడు కూడా. కానీ రేపెందుకని అడుగుతారు. అడిగితే, మా ఆయన నాకు చెప్పకుండా మార్చేశాడని ఇంతమందిలో అనాలి. పెట్టి పుట్టావన్న మాట ఇంకా చెవిలో తడిగానే ఉంది. ఇల్లు గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు. ఆవిడ ఇంటినీ గుట్టుగానే ఉంచింది, రోగాన్నీ గుట్టుగానే ఉంచింది.

"అలవాటే సార్" అంది.

వీడియో మొదలైంది. అన్నదమ్ములిద్దరు గోడ విషయంలో తగువులాడుకుంటున్నారు. ఒకడి మాట పూర్తి కాకముందే ఇంకొకడు అందుకుంటున్నాడు. మొదటి వాక్యం ఎడమ చేత్తో గబగబా కొట్టింది. ఇక ఆపాలి. ఎడమ చేతి వేళ్ళు చాచి మూల కీ దాకా పోనిచ్చింది. ఆ మూల అందితే ఈ మూల అందదు. వీడియో ఆగలేదు. అన్నదమ్ములు కొట్టుకుంటూ ముందుకి పోయారు.

అప్పుడు ఎడమ చేత్తో కుడి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి, మూల కీ మీద పడుకోబెట్టింది. కీ దిగింది. వీడియో ఆపింది. ఆగింది. హమ్మయ్య అనుకుని కొట్టబోతే, కుడి చెయ్యి ఇంకా ఆ కీ మీదే ఉంది. అది దానంతట అది లేవదు కదా. అక్షరాలు పడాల్సింది పోయి ఆ కీలన్నీ బాణం కీల్లా, చెరిపే కీల్లా పని చేశాయి, కొట్టిన వరస కాస్తా చెరిగిపోయింది. చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. కొట్టింది. మళ్ళీ ఎత్తి పైన పెట్టింది. ఆపింది. మళ్ళీ ఒళ్ళోకి దించింది. నిద్రపోయిన పసిపిల్లని అటూ ఇటూ మార్చినట్టు తన చేతిని తానే మోసింది. ఒకసారి అది జారి బుడిపె మీద పడితే, తెర మీద బాణం ఓ మూలకి పారిపోయింది.

గదిలో చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. అందరూ తమ తమ తెరల్లోకి కళ్ళు పెట్టి కూర్చున్నారు. అంతకంటే చూసినా బాగుండేది. స్టాప్‌వాచ్ మెడలోది తీసి జేబులో వేసుకున్నాడు. టైము ఇంకా మిగిలే ఉందో, ఎప్పుడో అయిపోయిందో ఆవిడకి చెప్పలేదు.

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మా. తర్వాత చూద్దాం" అన్నాడు.

తర్వాత చూద్దాం అంటే ఏమిటో ఆ గదిలో తెలియని వాళ్ళు లేరు. ఆయన ఎంతోమందికి ఆ మాట చెప్పగా ఆవిడే విన్నది. కీబోర్డు తువ్వాలులో చుట్టుకుని, ఎవరికీ సాయం చేసే అవకాశం ఇవ్వకుండా, నెమ్మదిగా మెట్లు దిగింది.

ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడని చూడగానే ఎదురొచ్చాడు.

"ఎలా ఉంది? బుడిపె బాగా పని చేసిందా?"

ఉద్యోగం ఏమైందని కాదు, బుడిపె ఏమైందని అడిగాడు. ఆవిడ చివరి మెట్టు మీద కూర్చుంది.

"సంచిలోది ఎందుకు మార్చారు?"

"పాతది పెట్టుకున్నావు. మనసులో ఏదో బెంగతో పెట్టుకున్నావనుకున్నా. అంతమందిలో ఆ మొద్దుదాన్ని తీస్తే బాగుంటుందా?" అని, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

"మీరు షాపుకి వెళ్ళాక రోజూ దాని మీదే కొట్టాను. ఒంటిచేత్తో. టైములోనే అయ్యేది. ఈ రోజు కూడా అయ్యేది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. పెద్దది చూడమన్నాను. ఆ కీ మార్చమన్నాను. డాక్టరూ చెప్పాడు. వినని మనిషికి ఎన్నిసార్లు చెప్పేది?"

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

"విన్నాను" అన్నాడు చివరికి. "డాక్టరు చెప్పింది విన్నాను. ఒంటిచేతి వాళ్ళ కోసం విడిగా కీబోర్డులుంటాయని మొదటి వారంలోనే చూశాను. చూసి మూసేశాను. అది కొంటే, ఆ చెయ్యి ఇక రాదని నేనే సంతకం పెట్టినట్టు. బండి నడిపింది నేను కదా."

ఇన్నాళ్ళూ ఆవిడ ఆయన్ని అమాయకుడనుకుంది. పాపం ఆశ చావలేదు, తెలియని మనిషి అని సర్దుకుంది. తెలియనివాడి మీద ఎంత కోపమొచ్చినా అడుగున కాస్త జాలి మిగులుతుంది. ఆ జాలి ఇప్పుడు ఆవిరైపోయింది. తెలిసే చేశాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళందరినీ ఇది బాగుందా అది బాగుందా అని అడిగే మనిషి, తనని అడగకపోవడం మరిచిపోయి కాదు. జవాబు తెలుసు కాబట్టి అడగలేదు.

"బండి జారింది" అంది ఆవిడ రోడ్డు వంక చూస్తూ. గొంతు పెంచలేదు. "అది మీ తప్పని ఆ రోజూ అనలేదు, ఈ రోజూ అనను. చెయ్యి రాదని నేను ఎప్పుడో ఒప్పుకున్నాను. ఒప్పుకోవాల్సిన చెయ్యి నాది. మీరు ఒప్పుకోలేకపోయారు. మీ మనసుకి కష్టం కలగకూడదని నా ఉద్యోగం పోగొట్టారు. ఇది మాత్రం జారింది కాదు. ఇది మీరు చేసింది."

ఇప్పుడే పైకెళ్ళి ఆ పెద్దమనిషితో జరిగిందంతా చెబుతానన్నాడు. వద్దంది. అలవాటే అని తన నోటితోనే చెప్పొచ్చాక ఇప్పుడు మొగుడొచ్చి కాళ్ళావేళ్ళా పడితే, ఆ కుర్చీ దక్కినా అందులో రైలక్క కూర్చోదు, 'పాపం' కూర్చుంటుంది. ఆ ఒంటిచేతి కీబోర్డు తెప్పిస్తానన్నాడు. నా కోసం ఇక ఏదీ ఎంచకండి అంది. వాళ్ళ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు.

ఎంతకీ పక్క నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, ఏం చేస్తున్నాడా అని తిరిగి చూసింది. ఆయన తల వంచుకుని ఏడుస్తున్నాడు. రెండు చేతులతో ఆవిడ కుడి చేతిని గట్టిగా పట్టుకుని, వేళ్ళలో వేళ్ళు పెట్టి నొక్కుతున్నాడు. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో ఆవిడకి తెలియదు.